బీచ్‌వర్త్ వాగుల వెంట

శుక్రవారం

మెల్‌బోర్న్ తెలుగువాళ్ళకి బంగారు గనుల ఊరంటే బల్లారట్టే. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే అక్కడి సావరిన్ హిల్‌కి తీసుకెళ్ళడం, పాతకాలం గౌన్లూ టోపీలూ వేయించి ఫోటో తీయించడం ఒక ఆనవాయితీ అయిపోయింది. తప్పు పట్టడం లేదు, అది బాగుంటుంది. కాకపోతే అది 1970లో తెరిచిన ప్రదర్శనశాల. నాకేమో 1850లలో పుట్టి, బంగారం అయిపోయాక కూడా జనం కాపురం ఉంటున్న అసలు ఊరు చూడాలని ఉంది. అందుకని ఈసారి మావయ్యగారిని బీచ్‌వర్త్‌కి బయల్దేరదీశాం.

మెల్‌బోర్న్‌కి ఈశాన్యంగా 280 కిలోమీటర్ల పైచిలుకు. హ్యూమ్ హైవే మీద వంగరట్టా దాకా కళ్ళు మూసుకుని నడిపినా పోవచ్చనిపించే తిన్నని రోడ్డు. అక్కణ్ణించి పక్కకి తిరిగితే కొండ ఎక్కడం మొదలవుతుంది. దారిలో మా ఆవిడ పొద్దున్నే కలిపిన పులిహోర డబ్బా ఖాళీ చేశాం. హైవే పక్క దొరికే తిండి మీద మావయ్యగారికి నమ్మకం లేదు, నాకూ లేదు.

మావయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన గోదావరి కాలువల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, ఏ తూముకి ఎంత నీరు వదలాలో చూడటం, చివరి ఆయకట్టు రైతులు వచ్చి నిలదీస్తే సర్దిచెప్పడం, ఇదీ ఆయన ఉద్యోగం. బంగారం మీద ఆయనకి ఆసక్తి లేదు. "మనకెందుకు బాబూ, చూసొద్దాం పదండి" అన్నట్టుగానే కారెక్కారు.

ఊళ్ళోకి దిగేసరికి మధ్యాహ్నం. ఏప్రిల్ కదా, వీధుల వెంట ఎల్మ్ చెట్ల ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి. ఫోర్డ్ స్ట్రీట్, క్యాంప్ స్ట్రీట్ కలిసే కూడలిలో గడియారం గోపురంతో పోస్టాఫీసు. చుట్టూ ఇనుప స్తంభాల వరండాల దుకాణాలు. పాత ప్రభుత్వ కార్యాలయాలన్నీ తేనె రంగు గ్రానైటుతో కట్టినవే. ఆ రాయి సాయంత్రపుటెండకి భలే మెరుస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, బంగారం ఎక్కడ దొరికిందో ఈ వీధిలో ఎంత తిరిగినా అర్థం కాదు.

ఇక్కడ స్ప్రింగ్ క్రీక్ అనే చిన్న వాగులో బంగారం బయటపడింది 1852 మొదట్లో. కొద్ది నెలల్లోనే వేల మంది గుడారాలతో దిగారు. ఆ సంవత్సరం చెప్పగానే మావయ్యగారు తల ఎత్తి, "కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఏడు" అన్నారు. నిజమే, 1847లో మొదలుపెట్టి 1852లో ముగించారు.

కోర్టు భవనం 1858 నాటిది. 1989 దాకా ఇక్కడ విచారణలు జరిగాయి. లోపల న్యాయమూర్తి కుర్చీ, బోను, సాక్షి నిలబడే చోటు అలాగే ఉంచారు. 1880 ఆగస్టులో పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీని నిలబెట్టింది ఈ బోనులోనే. స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర 1878లో ముగ్గురు పోలీసులు చనిపోయిన కేసులో ప్రాథమిక విచారణ ఇక్కడ చేసి, అసలు విచారణ మెల్‌బోర్న్‌కి మార్చారు. నవంబరు 11న ఉరి. ఆస్ట్రేలియాలో సగం మందికి అతను పేదల పక్షం నిలిచిన మొనగాడు, సగం మందికి హంతకుడు. ఊరి దుకాణాల్లో మాత్రం ఆ గొడవేమీ లేదు, తువ్వాళ్ళ మీదా టీ కప్పుల మీదా అతను పోలీసులతో పోరాటంలో పెట్టుకున్న ఇనుప టోపీ బొమ్మే. నన్నడిగితే అతనికంటే అతని తల్లి ఎలెన్ కథ గట్టిది. ఇదే కోర్టులో 1878లో ఆవిడకి మూడేళ్ళ శిక్ష వేశారు. అప్పటికి చంటిబిడ్డ తల్లి.

అదే వరసలో గోల్డ్ వార్డెన్ ఆఫీసు ఉంది. గనివాళ్ళ తగాదాలు తీర్చే అధికారి అన్నమాట. మావయ్యగారు లోపల బోర్డు చదివించుకుని, "ఏం తగాదాలటండీ?" అన్నారు. హద్దుల తగాదాలు, అంతకంటే ఎక్కువ నీళ్ళ తగాదాలు అని చెప్పాను. ఒకడు పైన వాగుకి అడ్డుకట్ట వేసి పిల్లకాలువ తీసుకుపోతే కింద ఉన్నవాడికి చుక్క రాదు. పైవాడు మట్టి కడిగి వదిలిన బురద నీరు కిందవాడి గోతిని పూడ్చేస్తుంది. ఆయన మొహంలో మొదటిసారి వెలుగు వచ్చింది. "అయితే ఇదీ మా డిపార్ట్‌మెంటేనన్నమాట" అని నవ్వారు. అక్కణ్ణించి యాత్ర ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది.

శనివారం

పొద్దున్న లాక్ స్ట్రీట్‌లో బర్క్ మ్యూజియం. రాబర్ట్ ఓహారా బర్క్ ఈ ఊళ్ళో పోలీసు అధికారిగా ఉండేవాడు. 1860లో ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే అన్వేషణ యాత్రకి నాయకుడై వెళ్ళి, 1861లో తిరుగుదారిలో కూపర్ క్రీక్ దగ్గర తిండి లేక చనిపోయాడు. ఊరు తన గ్రంథాలయానికి, మ్యూజియానికి అతని పేరు పెట్టుకుంది. లోపల ఒక గాజు పెట్టెలో గడ్డి కూరిన థైలసీన్, అంటే టాస్మేనియన్ పులి. వీపు మీద చారలు, కుక్క మొహం. పిల్లలంతా అక్కడే గుమికూడి ఉన్నారు. దీని సంగతి రేపు మళ్ళీ వస్తుంది.

గుర్రపు బంగారు నాడాల ముచ్చట ఇక్కడిదే. 1854లో బల్లారట్‌లో జరిగిన యురేకా తిరుగుబాటు తర్వాత గని పనివాళ్ళకి ఓటు హక్కు వచ్చింది. బంగారం తవ్వడానికి కట్టే పాత లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌండుకే మైనర్స్ రైట్ అనే అనుమతి పత్రం వచ్చింది. 1855లో ఈ ప్రాంతం నుంచి డేనియల్ కామెరూన్ పోటీ చేస్తే, అతన్ని బంగారు నాడాలు కొట్టించిన గుర్రం మీద ఊరేగించారు. మన నాయకుల పుట్టినరోజులకి క్రేన్‌తో గజమాలలు వేసే కార్యకర్తలకి ఇది చదివి వినిపించకూడదు.

తర్వాత శ్మశానం. యాత్రలో శ్మశానమేమిటని మా ఆవిడ గొణిగింది గానీ, బీచ్‌వర్త్‌లో ఒక్కచోటే చూడటానికి వీలుంటే నేను ఇక్కడికే పొమ్మంటాను. వెనక మూలన చైనా వాళ్ళ విభాగం. 1857లో కట్టిన రెండు దహన గోపురాలు ఉన్నాయి. శవాలకి కాదు, చనిపోయినవాళ్ళ కోసం కాగితపు డబ్బు, ప్రార్థన పత్రాలు కాల్చడానికి. పక్కనే నైవేద్యం పెట్టే బలిపీఠం. చుట్టూ మోకాలెత్తు రాళ్ళు, వాటిమీద నిలువుగా చైనా అక్షరాలు. చాలా రాళ్ళు వరసల్లో లేవు, కొన్ని ఒరిగిపోయాయి. డబ్బున్నవాళ్ళ ఎముకలని కొన్నేళ్ళ తర్వాత తవ్వి స్వదేశానికి పంపేవారట, మిగిలినవాళ్ళు ఇక్కడే మిగిలారు. గోపురం నోట్లోకి తొంగి చూశాను. లోపల ఇటుకలు ఇంకా మసిబారి ఉన్నాయి.

వీళ్ళు ఇక్కడికి చేరిన దారి వింటే నోట మాట రాదు. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడ దిగే ప్రతి చైనా మనిషి మీద పది పౌండ్ల పన్ను వేసింది. దాంతో ఓడలు పక్క రాష్ట్రంలోని రోబ్ అనే రేవుకి మళ్ళాయి. అక్కడ పన్ను లేదు. అక్కడ దిగి, కావిడి భుజాన వేసుకుని, వందల కిలోమీటర్లు నడిచి విక్టోరియా గనులకి వచ్చారు. ఒకటి రెండేళ్ళలో 16 వేల మందికి పైగా అలా వచ్చారు. తీరా వచ్చాక ఏమైంది? 1857 జులై 4న ఇక్కడికి దక్షిణాన ఉన్న బక్‌లాండ్ లోయలో తెల్లవాళ్ళ గుంపు చైనా గుడారాలకి నిప్పుపెట్టి, రెండు వేల మందిని తరిమేసింది. పరుగులో వాగులో పడి చనిపోయినవాళ్ళున్నారు. అల్లరిని అణచడానికి బీచ్‌వర్త్ నుంచి పోలీసుల్ని తీసుకెళ్ళింది ఆ బర్కే. అతని పేరు మ్యూజియం మీద ఉంది. లోయలో చనిపోయినవాళ్ళ పేర్లు నాకు ఎక్కడా కనపడలేదు.

మావయ్యగారు చెప్పులు విడిచి బలిపీఠం ముందు ఒక నిమిషం నిలబడ్డారు. "పిండం పెట్టేవాళ్ళు కూడా లేకపోయారు" అని, ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నం బేకరీలో తిన్నాం. బీచ్‌వర్త్ బేకరీకి ఈ రాష్ట్రంలో పెద్ద పేరు, క్యూ వీధిలోకి వచ్చింది. బీ స్టింగ్ అనే బన్ను, మధ్యలో కస్టర్డ్, పైన బాదం. మావయ్యగారు కాఫీకి మూడు చక్కెర పొట్లాలు అడిగి, బన్ను బాగుందని ఒప్పుకున్నారు.

ఇక నీళ్ళ కథ.

వాగులో పళ్ళెం పెట్టి ఇసక కడిగి బంగారం ఏరుకునే రోజులు ఇక్కడ కొద్ది ఏళ్ళే నడిచాయి. పైపైన ఉన్నది అయిపోగానే గట్ల మట్టిని కోసి, ప్రవాహంలో కలిపి, అడుగున అడ్డపట్టీలు కొట్టిన పొడవాటి చెక్క దోనెల్లోకి వదలడం మొదలైంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, మామూలు ఇసక రెండున్నర రెట్లే. నీళ్ళు ఇసకని ఈడ్చుకుపోతాయి, బంగారం పట్టీల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఎవడి దగ్గర నీళ్ళుంటే వాడిదే బంగారం. కొండవాలు వెంట మైళ్ళకొద్దీ పిల్లకాలువలు తవ్వి నీళ్ళు తెచ్చారు. అంతా పార, పలుగు, మనిషి నడుము.

గార్జ్ రోడ్డు మీద కారు నెమ్మదిగా పోనిస్తూంటే మావయ్యగారు ఆపమన్నారు. 1859లో గ్రానైటుతో కట్టిన తుపాకిమందు గిడ్డంగి చూసి కాదు. రోడ్డు పైన యూకలిప్టస్ చెట్ల మధ్య ఒక సన్నని గాడి, ఆకులతో సగం పూడిపోయి, కొండని చుట్టుకుంటూ పోతోంది. నేనైతే కాలిబాట అనుకునేవాణ్ణి. ఆయన దాని పక్కన కూర్చుని, అరచేతిని నేలకి సమంగా పెట్టి ఒక కన్ను మూసి చూశారు. "కాలువే బాబూ. వాలు చూడండి, ఎంత పొదుపుగా ఇచ్చారో. ఎక్కువ ఇస్తే గట్టు కోసుకుపోద్ది, తక్కువ ఇస్తే ఒండ్రు పడిపోద్ది. గొట్టం పెట్టి చూసే పరికరం లేకుండా చేశారంటే అసాధ్యుడండీ వాడు." ఆఖరి మాట పొగడ్తేనని నేను అర్థం చేసుకున్నాను.

ఊరికి ఒక పక్కన లేక్ శాంబెల్ ఉంది. బాతులు, పిక్నిక్ బల్లలు, పిల్లల పడవలు. సహజమైన చెరువనుకుంటాం గానీ, అది రాకీ మౌంటెన్ అనే కంపెనీ మట్టి కడిగి కడిగి మిగిల్చిన గొయ్యి. గొయ్యి లోతెక్కుతున్న కొద్దీ వాడిన నీరు బయటికి పోయే దారి లేకపోయింది. దానికి వాళ్ళేం చేశారంటే, ఊరి కిందనుంచి గట్టి గ్రానైటులో దాదాపు 800 మీటర్ల సొరంగం తొలిచారు. 1876లో మొదలైన పని 1880 దాకా సాగింది. బ్యాంకులు, హోటళ్ళు, కోర్టు పైన. కింద బురద నీరు. నెడ్ కెల్లీ బోనులో నిలబడిన ఏడాదే ఆ సొరంగం పూర్తయింది. ఫోర్డ్ స్ట్రీట్ మీద తిరిగే యాత్రికుల్లో కాళ్ళ కింద సంగతి ఎంతమందికి తెలుసో!

మురుగు పోయే దారి ముందు చూసుకోకుండా పని మొదలెట్టారని మావయ్యగారి అభ్యంతరం. "మా డెల్టాలోనూ ఇదే రోగం" అన్నారు.

తర్వాత వూల్‌షెడ్ లోయ. జలపాతం దగ్గర ఏప్రిల్లో నీరు సన్నగా ఉంది, పరుపు బండ మీద జారుతోంది. ఇప్పుడు చెట్లూ పక్షులూ తప్ప ఏమీ లేని ఈ లోయలో ఒకప్పుడు వేల మంది ఉండేవారు, దుకాణాలు, సారా కొట్లతో సహా. మట్టిరోడ్డు పక్కన ఒకచోట ఆరన్ షెరిట్ గుడిసె ఉన్న స్థలం. కెల్లీ ముఠాలోని జో బర్న్‌కి చిన్ననాటి స్నేహితుడు, పోలీసులకి సమాచారం ఇస్తున్నాడని అనుమానం. 1880 జూన్ 26 రాత్రి జో బర్నే వచ్చి గుమ్మంలో కాల్చి చంపాడు. కాపలాకి పెట్టిన నలుగురు పోలీసులు లోపలి గదిలో నక్కి ఉండిపోయారు.

లోయ చివర ఎల్డొరాడో. రీడీ క్రీక్ పక్కన, తను తవ్వుకున్న చెరువులోనే ఆగిపోయిన పెద్ద తవ్వోడ, అంటే నీళ్ళ మీద తేలుతూ మట్టి తవ్వే డ్రెడ్జ్. కాక్స్ ఎల్డొరాడో కంపెనీది, 1936లో పని మొదలుపెట్టి 1954 దాకా నడిచింది. రెండు వేల టన్నుల పైన బరువు. ముందు భాగంలో గొలుసుకి కట్టిన ఇనుప బకెట్లు గట్టుని కొరికి మట్టి పైకి తెచ్చేవి, లోపల జల్లెడపట్టి బంగారం, తగరం తీసుకుని, రాళ్ళు వెనక్కి పోసేది. ముందు తవ్వడం, వెనక పూడ్చడం. అలా చెరువుని వెంటేసుకుని లోయంతా పాకింది. దాదాపు రెండు టన్నుల బంగారం, వెయ్యి టన్నుల పైన తగరం ఖనిజం తీసిందని లెక్క. టికెట్టు లేదు, ఎక్కి తిరగొచ్చు. ఒక బకెట్లో నేను కూర్చుంటే తల మాత్రమే బయటికి కనిపించేలా ఉంది. తుప్పు చేతికంటింది.

కోలార్ గుర్తొచ్చింది. కుప్పం దాటి పోతే వచ్చే ఆ గనుల్లో ఎన్ని తెలుగు కుటుంబాలు మూడు తరాలు పనిచేశాయో చిత్తూరు వైపు వాళ్ళనడిగితే చెప్తారు. అక్కడ 1880ల నుంచి 2001లో మూసేదాకా కంపెనీ, కూలీ, మూడు కిలోమీటర్ల లోతు. కడుపుకోసం దిగినవాడికి సొంత పళ్ళెం, సొంత అదృష్టం అన్న ఆశే లేదు. ఇక్కడ ఆ ఆశతోనే మొదలై, చివరికి ఈ యంత్రం దగ్గర తేలింది.

వాగులో ఒక పెద్దాయన తొడల దాకా బూట్లతో నిలబడి ఇసక కడుగుతున్నాడు. మైనర్స్ రైట్ ఇప్పటికీ ఉంది, కొనుక్కుని అనుమతి ఉన్న చోట్ల చేతి పనిముట్లతో వెతుక్కోవచ్చు. మమ్మల్ని చూసి పిలిచాడు. ఆకుపచ్చ ప్లాస్టిక్ పళ్ళెం, ఒక పక్కన మెట్లు మెట్లుగా గాళ్ళు. ఇసక నింపి, నీళ్ళలో ముంచి, ముందు గట్టిగా అటూ ఇటూ కుదిపాడు. బరువున్నది అడుక్కి పోవాలి కదా. గులకరాళ్ళు చేత్తో తీసేశాడు. తర్వాత పళ్ళెం వంచి, చిన్న అల వచ్చి పైపొరని నాకి తీసుకుపోయేలా తిప్పాడు. మళ్ళీ కుదుపు, మళ్ళీ అల. పది నిమిషాలకి అడుగున నల్లని ఇసక నెలవంకలా మిగిలింది. అది తగరం ఖనిజం, ఇసకకంటే బరువు కాబట్టి ఎంత కడిగినా పోదు. తొలినాళ్ళ గనివాళ్ళకి ఇదొక పీడ. అతను పళ్ళెం మూల వేలితో ఒక్కసారి తట్టాడు. నలుపు వెనక్కి జరిగింది, దాని అంచున మూడు పసుపు నలుసులు. ఆవగింజలో పాతిక వంతు ఉంటాయేమో. సూర్యుడికి అడ్డం నిలబడి నీడ చేసినా మెరుపు తగ్గలేదు. అభ్రకమైతే నీడలో చచ్చిపోతుందట, బంగారం చావదట.

మావయ్యగారు పళ్ళెం అడిగి తీసుకున్నారు. నేర్పాల్సిన పనే లేకపోయింది. ఆయన మణికట్టు తిప్పుతుంటే ఆ పెద్దాయన మా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఒక నలుసు పడింది. చిన్న సీసాలో వేసి ఇవ్వబోతే మావయ్యగారు పుచ్చుకోలేదు.

ఆదివారం

చిల్టర్న్ వెళ్ళే రోడ్డులో యెడ్డన్‌బా దగ్గర ఆగాం. కొద్దిగా నడిస్తే బండ చూరు కింద ఆదివాసులు ఎర్ర రంగుతో గీసిన బొమ్మలు. అందులో ఒకటి థైలసీన్. ఈ ప్రధాన భూభాగం మీద ఆ జంతువు రెండు వేల ఏళ్ళకి ముందే అంతరించింది. కాబట్టి గీసినవాళ్ళు దాన్ని కళ్ళారా చూసి గీసింది ఎప్పటిమాటో ఊహించుకోండి. బొమ్మ బాగా వెలిసింది, వెలుతురు పక్కనుంచి పడితేనే తేలుతుంది. ఆఖరి థైలసీన్ హోబర్ట్ జూలో చచ్చిపోయింది 1936లో. బంగారం వేట 1852లో మొదలైందని నిన్నంతా చెప్పుకున్నాం గానీ, ఈ ఊరి చరిత్ర అక్కడ మొదలవలేదు.

తర్వాత యాకండాండా. పేరు పలకడానికి మా ఆవిడ నాలుగుసార్లు ప్రయత్నించింది. బీచ్‌వర్త్ కంటే చిన్నది, నాకు ఇంకా నచ్చింది. ఒకటే వీధి, వరండాల నీడ, పాత సామాన్ల కొట్లు. ఆస్ట్రేలియాలో పుట్టి గవర్నర్ జనరల్ అయిన మొట్టమొదటి వ్యక్తి ఐజాక్ ఐజాక్స్ చిన్నతనం ఇక్కడే గడిచింది. వాళ్ళ నాన్న దర్జీ.

ఊరి చివర గార్జ్ అని బోర్డు చూసి దిగాం. రెండు వైపులా నిట్రంగా కోసిన రాయి, మధ్యలో నీరు. కొండవాగు చేసిన పని కాదు, వాగుని పక్కకి మళ్ళించి దాని పాత పడక కడుక్కోవడానికి గనివాళ్ళు చేతుల్తో తొలిచిన కాలువ. మావయ్యగారు ఆ చివర నుంచి ఈ చివరకి నడిచారు. ఈసారి తప్పేమీ పట్టలేదు.

"ఎంతమంది చేశారంటారు?" అనడిగితే, "చేసినవాళ్ళ సంగతి సరే, నీళ్ళు వదిలిన రోజు ఎవరు ముందు వాడుకోవాలని ఎంత కొట్టుకుని ఉంటారో చెప్పండి" అన్నారు.

పెట్రోలు కోసం ఊళ్ళోని బంకుకి వెళ్ళాం. 2002లో ఉన్న ఒక్క బంకూ మూతపడబోతుంటే ఊరివాళ్ళు వాటాలు వేసుకుని కంపెనీ పెట్టి దాన్ని నిలబెట్టుకున్నారు. మిగులు డబ్బులో కొంత ఊరి పనులకే పోతుందట. కౌంటరు దగ్గర అమ్మాయి చెప్పింది విని, మావయ్యగారు వాటా ఒక్కటి ఎంత, ఓటు వాటాకా మనిషికా, ఎవరు ఎగ్గొడితే ఏం చేస్తారు అని వరసగా ప్రశ్నలు వేశారు. నేను తర్జుమా చేస్తూ అక్కడే పావుగంట నిలబడ్డాను. వెనక కార్లలోవాళ్ళు హారన్ కొట్టలేదు.